గడ్డి రెండు వేళ్లు పెరిగితే మాయమైపోయిన సీతాకోకచిలుక: లార్జ్ బ్లూ

బ్రిస్టల్_పద్మ
జూన్ 23, రాత్రి 9:40

మూడేళ్లుగా ఎదురుచూస్తున్న లార్జ్ బ్లూ ఇవాళ కనిపించింది. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో స్ట్రీట్ అనే ఊరి దగ్గర కాలర్డ్ హిల్ అని ఒక గుట్ట ఉంది. పాత కట్టడాలను, ప్రకృతి స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్లది. జూన్ మధ్య నుంచి జూలై మధ్య వరకే ఈ సీతాకోకచిలుక ఎగురుతుంది, ఒక్కొక్కటి బతికేది కొద్ది రోజులే. మొదటి ఏడాది మేం వెళ్లిన రోజు వాన, నిరుడు ఈదురుగాలి. ఇవాళ పొద్దున పదిన్నరకి మబ్బు విడిపోయి ఎండ కాసింది. దక్షిణం వైపు వాలులో మా అమ్మాయి ముందు చూసింది. ఎనిమిదేళ్ల పిల్ల, నేల మీద చూపు దానికే బాగా ఆనుతుంది. ఇంకు రంగు నీలం, ముందు రెక్కల మీద కన్నీటి చుక్కల ఆకారంలో నల్ల మచ్చలు. బ్రిటన్‌లో ఉన్న నీలి సీతాకోకచిలుకలన్నింటిలో ఇదే పెద్దదట, అయినా రెక్కలు విప్పితే రెండంగుళాలు కూడా ఉండదు. అడవి థైమ్ అనే చిన్న పూలమొక్క మొగ్గల మీద వాలి, తోక వంచి, గుడ్డు పెట్టి, పక్క గుత్తి మీదికి వెళ్లింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

1979లో ఈ దేశంలో పూర్తిగా అంతరించిపోయిందని ప్రకటించిన జీవి ఇది. ఇప్పుడున్నవన్నీ స్వీడన్ నుంచి తెచ్చినవాటి సంతానం.

వచ్చేటప్పుడు దారిలో ఎండిన పేడ కనిపించింది. చలికాలంలో ఇక్కడ పశువులను మేపుతారని అక్కడి వాలంటీర్ చెప్పారు. అప్పుడు మా అమ్మాయి అడిగింది: "అమ్మా, మరి ఆవులు గుడ్లను తొక్కెయ్యవా? పువ్వులతో పాటు తినెయ్యవా?" నాకు సరైన జవాబు దొరకలేదు. మీకు తెలిస్తే చెప్పండి.

కెమెరా_కిట్టు
జూన్ 23, రాత్రి 10:15

పద్మగారూ, గుడ్డు పెడుతుండగా చూడటం చాలా అదృష్టం. నేను లెస్టర్ నుంచి రెండుసార్లు వెళ్తే ఒక్కసారి, అదీ రెక్కలు మూసుకుని ఉన్నది దొరికింది.

నాకు తెలిసినంతలో దీన్ని చంపింది వలలు పట్టుకుని తిరిగిన సేకర్తలే. పంతొమ్మిదో శతాబ్దంలో డబ్బున్నవాళ్లు, పాదిరీలు, డాక్టర్లు వీటిని పట్టి సూదులు గుచ్చి డ్రాయర్లలో దాచుకునేవాళ్లు. ఎంత అరుదైతే అంత గిరాకీ. మనుషులను దూరంగా పెడితే చాలు, అదే బాగుపడుతుంది కదా?

బోటనీ_మాస్టారు
జూన్ 24, ఉదయం 6:05

కిట్టూ, మొదట అందరూ నువ్వనుకున్నట్టే అనుకున్నారు. అలా అనుకోవడమే పెద్ద నష్టం చేసింది. నేను రాజమండ్రిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ పురుగు కథ నా విద్యార్థులకు ఏటా చెప్పేవాణ్ణి, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆడది థైమ్ మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. ఈ థైమ్‌కి వాసన ఇచ్చే థైమాల్ అనే పదార్థమే మన వాములోనూ ఉంటుంది. పద్మమ్మా, ఈసారి వెళ్తే ఆ మొక్క దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వాసన చూడు, అమ్మమ్మ ఇంటి వాము డబ్బా గుర్తొస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు, అంటే గొంగళి, రెండు మూడు వారాలు ఆ పూలు తింటుంది. ఒకే పువ్వు మీద రెండుంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది కూడా. ఆ తర్వాత ఒక సాయంత్రం కింద నేల మీదికి జారిపడి, కదలకుండా ఎదురుచూస్తుంది.

ఎదురుచూసేది చీమ కోసం. మిర్మికా జాతి ఎర్ర చీమ ఒకటి వచ్చి దాన్ని మీసాలతో తడుముతుంది. పురుగు వీపు మీది గ్రంథి నుంచి తియ్యటి బొట్టు వదులుతుంది. చీమ నాకుతుంది. ఒక్కోసారి గంటల తరబడి ఇదే సాగుతుంది. చివరికి పురుగు ఒళ్లు ముడిచి చీమపిల్ల ఆకారంలోకి వస్తుంది. వాసన కూడా చీమపిల్లదే. పాపం చీమ, తన పిల్ల పుట్టలోంచి బయట పడిపోయిందనుకుని నోట కరుచుకుని పుట్టలోకి మోసుకెళ్తుంది.

అక్కడి నుంచి దాదాపు పది నెలలు, కొన్నయితే ఇంకో ఏడాది కూడా, ఆ చీకట్లోనే. తినేది చీమపిల్లల్ని. దాని మొత్తం బరువులో నూటికి 98 పాళ్లు పుట్టలోనే పెరుగుతుంది. ఒక్క పురుగు పెద్దదవడానికి సుమారు 230 చీమపిల్లలు కావాలి. అంతమందిని కనిపెంచాలంటే ఆ పుట్టలో 350 దాకా కూలి చీమలుండాలి. ఒకే పుట్టలోకి నాలుగైదు పురుగులు చేరితే తిండి చాలక అన్నీ చస్తాయి.

పురుగు చీమల పుట్టలో పెరుగుతుందన్న సంగతి 1915 ప్రాంతంలో బయటపడింది. ప్యూర్‌ఫాయ్ అనే కెప్టెన్ అక్రోటుకాయ చిప్పల్లో చీమలను పెట్టి ఈ పురుగును పెంచి చూశాడు. కానీ ఏ చీమ అన్నది మరో అరవై ఏళ్ల దాకా ఎవరూ పట్టించుకోలేదు. అసలు సంగతి అక్కడుంది.

శ్రీవల్లి_జువాలజీ
జూన్ 24, మధ్యాహ్నం 1:20

మాస్టారూ నమస్కారం. నేను విశాఖలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. మీరు ఆపిన దగ్గర నుంచి నేను అందుకుంటాను.

జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త 1972 నుంచి నైరుతి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో మిగిలిన చివరి గుంపును చూస్తూ కూర్చున్నారు. ఆయన కనిపెట్టింది: మిర్మికా చీమల్లో నాలుగైదు రకాలున్నాయి, ఏది ముందు దొరికితే అదే పురుగును మోసుకెళ్తుంది. కానీ మిర్మికా సాబులెటి అనే ఒక్క రకం పుట్టలోనే ఎక్కువ పురుగులు బతుకుతాయి. మిగతా వాటి పుట్టల్లో తిండికి కరువొచ్చినప్పుడు చీమలు మోసం పసిగట్టి చంపేస్తాయి.

ఈ సాబులెటికి వెచ్చటి నేల కావాలి. ఇంగ్లండ్ చలిదేశం. అక్కడ మట్టి వేడెక్కాలంటే ఎండ నేరుగా నేలకు తగలాలి, అంటే గడ్డి 3 సెంటీమీటర్ల లోపే ఉండాలి. గడ్డి కొంచెం పెరిగితే కింద మట్టి 2, 3 డిగ్రీలు చల్లబడుతుంది. అంతే, సాబులెటి వెనక్కి తగ్గుతుంది, ఇంకో మిర్మికా ఆ చోటు ఆక్రమిస్తుంది. పైనుంచి చూసేవాడికి అదే గుట్ట, అవే పూలు, థైమ్ కూడా అలాగే ఉంది. సీతాకోకచిలుక మాత్రం నాలుగైదేళ్లలో ఉండదు!

కిట్టుగారూ, సేకర్తలు రాకుండా ఒకచోట చుట్టూ కంచె వేశారు. మనుషులతో పాటు పశువులూ ఆగిపోయాయి. గడ్డి పెరిగింది. కాపాడదామని కంచె వేసిన ఆ చోటి నుంచే సీతాకోకచిలుక వెళ్లిపోయింది. మొదటిసారి చదివినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

గట్టు_గొర్రెలు
జూన్ 24, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. మాది నందికొట్కూరు పక్కన పల్లె. మా తాత, నాన్న గొర్రెలు కాసినవాళ్లు, నేను పదో తరగతి దాకా సెలవుల్లో వాటి వెనకాలే. ఇంగ్లండ్ సంగతి తెలియదు గానీ గడ్డి సంగతి తెలుసు.

శ్రీవల్లమ్మ చెప్పిన 3 సెంటీమీటర్లు అనేది ఏ మూతి మేస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. గొర్రె పెదవులతో ఏరుకుని మొదలు దాకా కొరుకుతుంది, అది మేసిన చోట నేల గీకినట్టుంటుంది. ఆవు నాలుక చుట్టి పీకుతుంది, కిందిదాకా అందదు, గుబురు గుబురుగా వదిలేస్తుంది. కానీ దాని బరువుకి గిట్టలు దిగి నేల పగిలి మట్టి బయటపడుతుంది. గుర్రం మళ్లీ మొదలంటా కొరుకుతుంది. అందుకే అక్కడ ఏవి మేపుతున్నారో, ఎన్నో, ఎన్నాళ్లో తెలియకుండా "మేత మంచిది" అని చెప్పడం కుదరదు.

పద్మక్కా, పాప ప్రశ్నకు జవాబు మాస్టారి మాటల్లోనే దొరికిందనిపిస్తోంది. గుడ్లు పూల మీద ఉండేది జూన్, జూలైలో. అప్పుడు పశువులు గుట్ట మీద ఉండవు. పురుగు పూలు దిగి చీమల పుట్టలోకి పోయాక, ఆకురాలే కాలంలో పశువులను దింపుతారు. వాటి కాళ్ల కింద నేల లోపల అది హాయిగా ఉంటుంది. నేను అనుకున్నది సరైనదేనా?

బ్రిస్టల్_పద్మ
జూన్ 24, రాత్రి 10:30

తమ్ముడూ, సరిగ్గా అంతేనట! పొద్దున వాలంటీర్‌కి మెయిల్ పెట్టి అడిగాను. థైమ్ పూసే వేళకు పశువులను తీసేస్తారు, పూల కాలం అయ్యాక తెస్తారు, వసంతం దాకా ఉంచుతారు. పాపకి నిద్రపోయే ముందు చెప్పాను. "అయితే ఆవులు పైన, పురుగు కింద ఇంట్లో" అంది.

ఇంకో విషయం. ఇక్కడ ఈ గుట్టల మీద గడ్డిని పొట్టిగా ఉంచింది పశువులు మాత్రమే కాదు, కుందేళ్లు కూడా. 1953లో మిక్సోమటోసిస్ అనే వైరస్ జబ్బు ఈ దేశంలోకి వచ్చి కుందేళ్లలో నూటికి తొంభై అయిదుకు పైగా చచ్చిపోయాయట. అదే కాలంలో రైతులకు ఏటవాలు గుట్టల మీద మేపడం గిట్టుబాటు కాక వదిలేశారు. ఒక పక్క కుందేళ్లు లేవు, ఇంకో పక్క పశువులు లేవు. ముళ్లపొదలు వచ్చేశాయి. సమతలంగా ఉన్న పచ్చికలనేమో దున్నేసి, ఎరువులు చల్లి ఒకేరకం గడ్డి వేశారు. 1930ల నుంచి బ్రిటన్‌లో పూల పచ్చికబయళ్లు నూటికి 97 వంతులు పోయాయని ఇక్కడ అందరూ చెప్తారు.

హైదరాబాదీ_రవి
జూన్ 25, ఉదయం 11:10

చదివాను, బాగుంది. కానీ నా సందేహం మనసులో పెట్టుకోకుండా అడుగుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

ఈ సీతాకోకచిలుక స్వీడన్‌లో ఉంది, ఫ్రాన్స్‌లో ఉంది, ఇంకా తూర్పుకి చాలా దూరం ఉంది. ఇంగ్లండ్ దాని అంచు. అంచులో ఉన్న జీవి ఒకప్పుడు పోతుంది, ఒకప్పుడు వస్తుంది. ఒక్క పురుగు కోసం ఇన్ని దశాబ్దాలు, ఇంతమంది శ్రమ అవసరమా? పైగా స్వీడన్ నుంచి తెచ్చి వదిలితే అది పాతదే తిరిగొచ్చినట్టు ఎలా అవుతుంది?

బోటనీ_మాస్టారు
జూన్ 25, మధ్యాహ్నం 3:45

రవీ, మంచి ప్రశ్న, అడగాల్సిందే.

రెండోది ముందు. స్వీడన్‌లో ఓలాండ్ అనే దీవి నుంచి తెచ్చారు. ఎందుకంటే అక్కడిది కూడా సాబులెటి చీమతోనే బతుకుతుంది, అది ఎగిరే రోజులు కూడా ఇంగ్లండ్‌లో థైమ్ పూసే రోజులతో కలుస్తాయి. పాత ఇంగ్లిష్ వంశం తిరిగి రాదు, ఆ నష్టం నష్టమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ చీమ, ఆ మొక్క, ఆ సీతాకోకచిలుక మధ్య ఉన్న ముడి మళ్లీ పడింది.

ఇక అంచు సంగతి. అవును, ఇంగ్లండ్ దానికి చలి అంచు, అందుకే గడ్డి అంత పొట్టిగా ఉండాలి. దక్షిణ ఐరోపాలో ఎండ ఎక్కువ, అక్కడ గడ్డి పొడుగ్గా ఉన్నా ఆ చీమకు వెచ్చదనం సరిపోతుంది. కొన్నిచోట్ల థైమ్ బదులు మార్జోరం అనే మొక్క మీద గుడ్లు పెడుతుంది. కాబట్టి ఇంగ్లండ్‌లో నేర్చుకున్న కొలత తీసుకెళ్లి ఇంకోచోట పెడితే పని చేయదు. కానీ మిగతా దేశాల్లో ఉన్నవి క్షేమంగా ఉన్నాయనుకోకు. నెదర్లాండ్స్‌లో 1964లోనే పోయింది. డెన్మార్క్‌లో ఇప్పుడు మోన్ అనే ఒక్క దీవిలో మిగిలింది. ఐరోపా మొత్తానికి 2010లో వేసిన ఎర్ర జాబితాలో, అంటే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో, దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్నదాని కింద రాశారు.

శ్రీవల్లి_జువాలజీ
జూన్ 25, సాయంత్రం 6:30

రవిగారూ, "ఒక్క పురుగు కోసం" అన్నారు. దాని కోసం గుట్టను పొట్టిగడ్డితో, ఎండతో ఉంచితే అక్కడ ఆర్కిడ్లు, అరుదైన పూలమొక్కలు, నేలలో గూడు కట్టే తేనెటీగలు కూడా పెరిగాయి. ఈ సీతాకోకచిలుక ఒక చోట బతికి ఉందంటే మొక్క, చీమ, మేత మూడూ సరిగా ఉన్నట్టే. ఏది తప్పినా ముందు పోయేది ఇదే.

ఫలితం కూడా చూడండి. 1983లో మొదటిసారి పురుగులను వదిలారు. కాలర్డ్ హిల్‌లో వదిలింది 2000లో. గ్లాస్టర్‌షైర్‌లో రాడ్‌బరో కామన్ అనే చోట అప్పటికి 150 ఏళ్లుగా కనిపించలేదు. అయిదేళ్లు నేలను సిద్ధం చేసి, 2019లో 1,100 పురుగులను వదిలితే మరుసటి వేసవిలో దాదాపు 750 సీతాకోకచిలుకలు ఎగిరాయి. 2022లో ఇంగ్లండ్ మొత్తం మీద సుమారు 20,000 ఎగిరాయని లెక్క వేశారు. బ్రిటన్ ఎర్ర జాబితాలో తీవ్ర ప్రమాదం నుంచి ప్రమాదానికి దగ్గరలో ఉన్న స్థాయికి మారింది.

హైదరాబాదీ_రవి
జూన్ 25, రాత్రి 9:00

శ్రీవల్లిగారూ, సరే. ఒప్పుకుంటున్నాను. వదిలేసి చూడటం కంటే ముందు నేలను సిద్ధం చేశారన్నది నాకు నచ్చింది. అయితే ఇంత పెరిగాక ఇంకా భయమెందుకు?

బ్రిస్టల్_పద్మ
జూన్ 25, రాత్రి 10:50

రవిగారూ, భయం ఉంది. ఇక్కడివాళ్లతో మాట్లాడితే రెండు మాటలే ఎక్కువగా వింటాను. ఒకటి ఎండలు. వేసవి మరీ పొడిగా ఉంటే థైమ్ మాడిపోయి మొగ్గలు ఉండవు, గుడ్డు పెట్టడానికి చోటు లేదు. 1975, 76 కరువే పాత ఇంగ్లిష్ వంశపు చివరి గుంపును బాగా దెబ్బకొట్టింది. అప్పటికి థామస్ కారణం కనిపెట్టారు, నేలను సరిచేయడం మొదలైంది, కానీ మిగిలినవి మరీ తక్కువ. జవాబు దొరికింది, జీవి దొరకలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

రెండోది దూరం. ఇది ఎక్కువ దూరం ఎగరదు. ఒక గుట్ట మీద పోతే పక్క గుట్ట నుంచి వచ్చి చేరాలి, మధ్యలో హైవేలు, దున్నిన పొలాలు ఉంటే ఎలా వస్తుంది? అందుకే సోమర్సెట్‌లో గుట్టలను వరసగా, ఒకదానికొకటి అందేలా బాగు చేస్తున్నారు.

గాలిలోంచి పడే నత్రజని కూడా ఉంది. కార్ల పొగ, పశువుల పేడ నుంచి వచ్చేది. ఎవరూ ఎరువు వెయ్యకుండానే పేదనేల బలిసి గడ్డి జోరుగా పెరుగుతుంది.

కెమెరా_కిట్టు
జూన్ 26, ఉదయం 7:40

నేను మొదట రాసింది తప్పని ఒప్పుకుంటున్నాను. కానీ సేకర్తల భయం పూర్తిగా పోలేదని కూడా చెప్పాలి. 2015లో గ్లాస్టర్‌షైర్‌లోని డేన్‌వే బ్యాంక్స్ అనే చోటా, కాలర్డ్ హిల్‌లోనూ ఒకతను రెండు లార్జ్ బ్లూలను పట్టి చంపాడు. 2017లో బ్రిస్టల్‌లో కోర్టు శిక్ష వేసింది. ఈ దేశంలో సీతాకోకచిలుకను పట్టి చంపినందుకు పడిన మొదటి శిక్ష అదే అన్నారు.

మన ఫోటోగ్రాఫర్లకు నా విన్నపం: దారి దిగొద్దు. థైమ్ గుత్తి పక్కన పొట్ట మీద పడుకుని ఫోటో తీస్తే కింద ఏం నలుగుతుందో మనకు తెలియదు.

మోడరేటర్
జూన్ 26, ఉదయం 9:15

చర్చ చక్కగా నడుస్తోంది, సంతోషం. ఒక్క మనవి. కాలర్డ్ హిల్, డేన్‌వే బ్యాంక్స్ లాంటివి ప్రజలకు తెరిచిన చోట్లు, వాటి పేర్లు రాయవచ్చు. బయటికి చెప్పని చోట్లు కూడా ఉన్నాయి. మీకు తెలిసినా వాటి పేర్లు, మ్యాపులు ఇక్కడ పెట్టకండి.

గట్టు_గొర్రెలు
జూన్ 26, రాత్రి 8:20

ఇది చదువుతుంటే మా రోళ్లపాడు గుర్తొస్తోంది. మా ఊరికి దగ్గరే. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. లోపల మేత ఆపారు, కృష్ణజింకలు పెరిగాయి. చుట్టూ కాలువ నీళ్లొచ్చి మెట్ట పైర్లు, బీళ్లు మారిపోయాయి. బట్టమేక ఇప్పుడు లేదు. అక్కడ కారణాలు చాలా ఉన్నాయి, మేత ఆపినందుకే పోయిందని నేను అనను. కానీ మా నాన్న ఒక మాట అనేవాడు: "పిట్ట మా గొర్రెల మధ్యే తిరిగేది, మమ్మల్ని చూసి అది ఎప్పుడూ బెదరలేదు." గొర్రెలు కాసేవాళ్లను కూర్చోబెట్టి అడిగితే చెప్పే సంగతులు ఉన్నాయి. అక్కడ థామస్ అనే ఆయన నేల మీద కూర్చుని ఏళ్ల తరబడి చూశాడంటే నాకు గౌరవం కలిగింది.

శ్రీవల్లి_జువాలజీ
జూన్ 26, రాత్రి 9:35

అన్నా, మీరు చెప్పిన దాని మీద నేను ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. మన దగ్గర గడ్డినేలను రికార్డుల్లో బంజరు అని రాస్తారు. బంజరు అని రాశాక దాని మీద మొక్కలు నాటడం మంచిపని అయిపోతుంది. చెట్లు మంచివే, కానీ ఎండ కావాల్సిన నేల మీద నీడ పడితే ఎన్ని చిన్న జీవులు పోతాయో లెక్కపెట్టేవాళ్లు లేరు.

చీమలతో బతికే సీతాకోకచిలుకలు మన దేశంలోనూ ఉన్నాయి. మాత్ బటర్‌ఫ్లై అని ఒకటుంది. మామిడి ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు చూశారుగా, దాని పురుగు ఆ గూట్లోనే ఉండి చీమపిల్లల్ని తింటుంది. వీపు మీద గట్టి డాలు లాంటి తోలు, చీమలు కుట్టినా ఏమీ కాదు. ఇక్కడ చీమను మోసం చేయడం లేదు, నేరుగా దండయాత్రే.

బోటనీ_మాస్టారు
జూన్ 27, ఉదయం 5:50

శ్రీవల్లీ, ప్రాజెక్టు తప్పకుండా చెయ్యి. మొదటి ఏడాది ఏమీ మార్చకు, కంచె వెయ్యకు, నాటకు. గడ్డి ఎత్తు నెలనెలా కొలిచి రాసుకో. స్కేలు చాలు. మట్టికి ఒక థర్మామీటర్. గొర్రెలు ఏ నెలలో ఎక్కడికి వస్తాయో గట్టు_గొర్రెలు వాళ్ల నాన్నను అడిగి రాసుకో. నా పాత నోట్సు కావాలంటే పంపిస్తాను.

బ్రిస్టల్_పద్మ
జూన్ 27, రాత్రి 9:10

ఇవాళ ఒక నిర్ణయం తీసుకున్నాం. చలికాలంలో గుట్టల మీద ముళ్లపొదలు కొట్టే పనికి వాలంటీర్లు కావాలన్నారు. నేనూ మా ఆయనా పేర్లు ఇచ్చాం. పాప కూడా వస్తానంటోంది, దానికి పొదలు లాక్కెళ్లి కుప్ప వేసే పని ఇస్తారట.

మాస్టారూ, ఆ మొక్క వాసన చూశాను. ఆకు తెంపలేదు, వంగి చూశానంతే. వాము డబ్బానే.

గట్టు_గొర్రెలు
జూన్ 27, రాత్రి 9:55

పద్మక్కా, ఆకురాలే కాలంలో గుట్ట మీదికి పశువులు వచ్చినప్పుడు ఒక ఫోటో పెట్టండి. మేస్తున్నప్పుడు మూతి, పక్కన గడ్డి కనిపించేలా తీయండి. నాన్నకు చూపిస్తాను.